ఇంజెక్షన్‌తో పాటు నాలుగు మాటలూ రాసివ్వండి: స్త్రీ వైద్య నిపుణులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ప్రసూతి, స్త్రీ వైద్య నిపుణుల సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, సభ్యులైన డాక్టర్లందరికీ,

నమస్కారం.

గుంటూరులో నర్సింగ్ హోములు వరసగా ఉండే ఒక వీధిలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని నేను. మీరు రాసిన చీటీ చివరికి చేరేది మా కౌంటరు మీదికే. మీ గదిలో అడగలేక మింగేసుకున్న ప్రశ్నలు కూడా దానితోపాటే వస్తాయి. కౌంటరు వెనక ఆడమనిషి కనిపిస్తే ఇంకాస్త ధైర్యంగా వస్తాయి.

ఈ ఉత్తరం ఒక్క రకం మందు గురించే. గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌కి, అదే పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్‌కి, గర్భసంచిలో గడ్డలకి మీరు నెలకొకటి చొప్పున రాసే, హార్మోన్లను ఆపేసే ఇంజెక్షన్ గురించి. ల్యూప్రోలైడ్ కావచ్చు, ట్రిప్టోరెలిన్ కావచ్చు, పొట్ట మీద చర్మం కింద పెట్టే గోసెరెలిన్ కావచ్చు.

మందు చెడ్డదని చెప్పడానికి రాయడం లేదు. డేట్ వచ్చిందంటే నాలుగైదు రోజులు మంచం దిగలేక, పరీక్షలు కూడా వదిలేసుకున్న అమ్మాయిలు ఈ ఇంజెక్షన్ పడ్డాక మామూలుగా కాలేజీకి వెళ్ళడం చూశాను. నా ఫిర్యాదంతా ఇచ్చే తీరు మీద. ఏం మందో, ఒంట్లో ఏం చేస్తుందో, ఎన్ని నెలలో చెప్పకుండా, ఎముకలకి కాపుగా ఇవ్వాల్సిన మాత్ర రాయకుండా వస్తున్న చీటీలు నేను చాలా చూస్తున్నాను. అందరు డాక్టర్లూ అలాగే చేస్తారని అనను. పది నిమిషాలు కూర్చోబెట్టి, బొమ్మ గీసి మరీ చెప్పి పంపేవాళ్ళూ మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళ పేషెంట్లు కౌంటరు దగ్గర ప్రశ్నలు వెయ్యరు, డబ్బులిచ్చి మందు తీసుకుని వెళ్ళిపోతారు. మిగతావాళ్ళు ఒకటో రెండో ఇంజెక్షన్లు చేయించుకుని, భయపడి ఆపేసి, కొన్నాళ్ళకి గర్భసంచి తీయించుకుని కాల్షియం మాత్రల కోసం మా షాపుకే వస్తున్నారు. చెప్పకపోవడం వల్ల జరుగుతున్నది ఇదీ.

ఒక సాయంత్రం సంగతి చెబుతాను. నరసరావుపేట వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆమెకి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. చీటీలో ల్యూప్రోలైడ్ 3.75 ఉంది, దాని కింద ఓ ఐరన్ మాత్ర, అంతే. నేను ఫ్రిజ్‌లోంచి బాక్సు తీసి ఇచ్చాను. ఆయన అక్కడే విప్పాడు. లోపల పొడి ఉన్న చిన్న సీసా, కలపడానికి ద్రావణం, సిరంజి, మడతల మీద మడతలు పెట్టిన పల్చటి కాగితం. ఆ కాగితంలో అక్షరాలు నాకే కళ్ళద్దాలు లేకపోతే కనపడవు, అదీ ఇంగ్లీషులో. ఆయన ఫోన్ తీసి మందు పేరు కొట్టాడు. మొదట కనిపించిన మాట ప్రోస్టేట్ క్యాన్సర్. మొహం రంగు మారిపోయింది. భార్యకి వినపడకుండా కౌంటరు మీదికి వంగి, "ఏమండీ, మా ఆవిడకి క్యాన్సరా? డాక్టరమ్మ గారు మా దగ్గర దాస్తున్నారా?" అని అడిగాడు. ఆమె వినేసింది. నేనెంత చెప్పినా ఇద్దరికీ ఎక్కలేదు. బాక్సు మళ్ళీ ఫ్రిజ్‌లోకే వెళ్ళింది, వాళ్ళు బస్టాండుకి వెళ్ళిపోయారు.

ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు. ల్యూప్రోలైడ్ అమెరికాలో మొదట 1985లో ప్రోస్టేట్ క్యాన్సర్ మందుగానే బయటికొచ్చింది. ఎండోమెట్రియోసిస్‌కి అక్కడ అనుమతి దొరికింది 1990లో. మన దేశంలో 2022 సెప్టెంబరులో అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలోకి ఎక్కినప్పుడు కూడా క్యాన్సర్ మందుల వరసలోనే ఎక్కింది. కాబట్టి ఫోన్ ఆ మాట చూపిస్తుంది, చూపిస్తూనే ఉంటుంది. "ఇది క్యాన్సర్‌కి కూడా వాడతారు, మీకు క్యాన్సర్ లేదు, అక్కడా ఇక్కడా హార్మోన్ని ఆపడమే దీని పని" అని మీ నోటి నుంచి ఒక్క వాక్యం ముందే వచ్చి ఉంటే ఆ బాక్సు వెనక్కి రాదు. అదే వాక్యం నేను చెబితే మందు అమ్ముకోవడానికి చెప్పానంటారు. మీరు చెబితే నమ్ముతారు.

ఈ మందు ఎలా పని చేస్తుందో చెప్పడం కష్టమేం కాదు. మెదడులో హైపోథాలమస్ నుంచి ఒక హార్మోన్ గంటకో గంటన్నరకో ఒకసారి చిన్న చిన్న విడతలుగా వస్తుంది. పిట్యుటరీ గ్రంథి ఆ విడతలకి స్పందించి అండాశయాలని పని చేయిస్తుంది. పది అమైనో ఆమ్లాల ఆ హార్మోన్ నిర్మాణాన్ని కనిపెట్టడంతో పాటు మెదడు హార్మోన్ల మీద చేసిన పనికి షాలీ, గియెమా అనే శాస్త్రవేత్తలకి 1977లో నోబెల్ వచ్చింది. విడతలుగా వస్తేనే అది పని చేస్తుందని కోతుల మీద చూపించినవాడు ఎర్న్‌స్ట్ నోబిల్. మన ఇంజెక్షన్ ఆ హార్మోన్‌కి బలమైన నకలు, విడతల్లేకుండా నెలంతా రక్తంలో ఉంటుంది. ఎవరో కాలింగ్ బెల్లు మీద వేలు తియ్యకుండా నొక్కుతుంటే లోపలివాళ్ళు కాసేపు పరుగులు పెట్టి, తరవాత ఇక తలుపు తియ్యడమే మానేస్తారు చూడండీ, అలాగని నేను మా కౌంటరు దగ్గర చెబుతాను. ఏడో తరగతి చదివినామెకి కూడా అర్థమవుతుంది.

ఆ "కాసేపు పరుగులు" ఉన్నాయే, వాటి దగ్గరే సగం గొడవ. మొదటి ఇంజెక్షన్ తరవాత వారం పది రోజులు హార్మోన్లు తగ్గకుండా పెరుగుతాయి. నొప్పి ఎక్కువ కావచ్చు, బ్లీడింగ్ కావచ్చు. మీకిది పాఠ్యపుస్తకంలో ఒక పేరా. చెప్పకుండా ఇంటికి పంపిన మనిషికి మాత్రం, వేలకి వేలు పోసి ఇంజెక్షన్ చేయించుకుంటే జబ్బు ముదిరిందన్న మాట. పదో రోజుకి ఫోన్ వస్తుంది: "మేడమ్, ఆగుతుందన్నారు, ధారగా పోతోంది." ఆసుపత్రికి ఫోన్ చెయ్యమంటాను. రిసెప్షన్‌లో ఎవరో ఎత్తి, "డాక్టరు గారు ఓటీలో ఉన్నారు, మంగళవారం రండి" అంటారు. మంగళవారం లోపల ఆమె ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. ఆయన చెప్పేది మీకూ తెలుసు, నాకూ తెలుసు: "గర్భసంచి పాడైపోయింది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్ది."

రెండో నెల దాటాక వేరే కథ. ఆవిర్లు మొదలవుతాయి. గుంటూరు మే నెల ఎండలో ఒంట్లోంచి ఇంకో ఎండ పుట్టుకొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రాత్రి మూడుసార్లు లేచి జాకెట్ మార్చుకుంటున్నానని ఒకామె చెప్పింది. నిద్ర ఉండదు. కీళ్ళు పట్టేస్తాయి. ఊరికే ఏడుపొస్తుంది. పెళ్ళై రెండేళ్ళయిన అమ్మాయి కారణం లేకుండా కూర్చుని ఏడుస్తుంటే, ఇంట్లో ఎవరు ఏమన్నారా అని అటువాళ్ళూ ఇటువాళ్ళూ పంచాయితీ పెట్టుకున్నారట. ఇది మందు వల్ల అని, ఆపాక పోతుందని ముందే తెలిసి ఉంటే ఆ పంచాయితీ ఉండేదే కాదు. యోని పొడిబారడం గురించైతే ఎవరూ నేరుగా అడగరు. "ఆయనతో ఇబ్బందిగా ఉంటోందండీ" అని గొంతు తగ్గించి అంటారు. ఓ చిన్న జెల్ ట్యూబుతో తీరే ఇబ్బంది అది. చీటీ మీద దాని ఊసే ఉండదు.

ఇక ఎముకలు. ఇక్కడ నా గొంతు కొంచెం పెరిగితే క్షమించండి.

అండాశయాల పని ఆగి, వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజన్ హార్మోన్ పూర్తిగా పడిపోతే ఎముక గుల్లబారుతుందన్న సంగతి నేను మీకు చెప్పాల్సిన పని లేదు. ల్యూప్రోలైడ్ ఒక్కదాన్నే ఇస్తే నడుం దగ్గర వెన్నెముక సాంద్రత ఆరు నెలల్లో సగటున 3 శాతం, ఏడాదికి 6 శాతం దాకా తగ్గుతుందని ఆ మందు కాగితంలోనే రాసి ఉంది. రోజుకి 5 మిల్లీగ్రాముల నోరెథిస్టెరాన్ అసిటేట్ అనే హార్మోన్ మాత్ర తోడిస్తే ఏడాదికి ఆ తగ్గుదల 1 శాతం దగ్గరే ఆగుతుందని కూడా అక్కడే ఉంది. మొదటి విడత ఆరు నెలలు మించకూడదనీ, మళ్ళీ ఇవ్వాల్సి వస్తే తోడు మాత్రతోనే ఇవ్వాలనీ, మొత్తం ఏడాది దాటకూడదనీ ఉంది. అయినా ఎనిమిదో నెల ఇంజెక్షన్ కొనడానికి వచ్చినామె చీటీలో కాల్షియం మాత్ర తప్ప ఇంకేం ఉండదు. కాల్షియం మంచిదే, కానీ లేని ఈస్ట్రోజన్ పని అది చెయ్యలేదు.

మన ఆడవాళ్ళ ఎముకలు మొదట్నుంచీ బలమైనవేం కాదు. తిరుపతి ప్రాంతంలో పల్లెల్లోనూ పట్నంలోనూ చేసిన అధ్యయనాల్లో, ఇంత ఎండ ఉన్న నేల మీద కూడా విటమిన్ డి లోపం విపరీతంగా కనిపించింది, తిండిలో కాల్షియం చాలా తక్కువగా తేలింది. పాలు మొగుడికి, పిల్లలకి పోసి అడుగున మిగిలిన టీ తాగే ఇళ్ళల్లో ఇది వింతేం కాదు. దానికి తోడు ఈ ఇంజెక్షన్ పడేవాళ్ళలో ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలున్నారు. జీవితాంతం సరిపడా ఎముక కూడబెట్టుకోవాల్సిన వయసు అది. ఆ వయసులో ఆరు నెలలు కాపు లేకుండా ఈస్ట్రోజన్ తీసేస్తే దాని ఫలితం యాభై అయిదో ఏట బాత్రూంలో జారి తుంటి విరిగినప్పుడు గానీ కనపడదు. అప్పటికి చీటీ రాసినవారూ ఉండరు, చీటీ కూడా ఉండదు.

తోడు మాత్ర ఎందుకు రాయరని కొందరు డాక్టర్లనే మర్యాదగా అడిగాను. "ఈస్ట్రోజన్ ఆపడానికే ఇంజెక్షన్ ఇస్తుంటే మళ్ళీ హార్మోన్ ఎందుకమ్మా, జబ్బు పెరగదా" అన్నారు ఒకరు. దీనికి జవాబు 1992లోనే వచ్చింది. బోస్టన్‌లో పనిచేసిన రాబర్ట్ బార్బియెరి చెప్పిన హద్దు సిద్ధాంతం మీకు తెలియనిది కాదు. ఎముకని కాపాడటానికి కావలసిన ఈస్ట్రోజన్ కొంచెమే, ఎండోమెట్రియోసిస్‌ని పెంచడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. రక్తంలో ఎస్ట్రడయోల్, అంటే ఒంట్లో ముఖ్యమైన ఈస్ట్రోజన్, మిల్లీలీటరుకి సుమారు 30 నుంచి 50 పైకోగ్రాముల మధ్య ఉంటే నొప్పి తిరగబెట్టదు, ఎముకా నిలబడుతుంది, ఆవిర్లూ తగ్గుతాయి. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం ఈష్రే మార్గదర్శకాలు 2022లో తోడు హార్మోన్ గురించి ప్రత్యేకంగా చెప్పాయి. అమెరికాలో ఇంకో అడుగు ముందుకేసి హార్మోన్లను ఆపే రెలుగోలిక్స్‌ని, ఎస్ట్రడయోల్‌ని, నోరెథిస్టెరాన్ అసిటేట్‌ని కలిపి ఒకే మాత్ర చేసేశారు. 2021లో గడ్డల వల్ల వచ్చే అధిక రక్తస్రావానికి, 2022లో ఎండోమెట్రియోసిస్ నొప్పికి అనుమతిచ్చారు, రెండేళ్ళ వరకూ వాడొచ్చన్నారు. ఆపేదాన్నీ, కాపాడేదాన్నీ ఒకే మాత్రలో పెట్టి అమ్ముతుంటే, మనం ఇక్కడ సగం మందే రాసి పంపుతున్నాం.

రాసినా వేసుకోకపోవడానికి ఇంకో కారణముంది, అది మన దగ్గరే ఉన్న తమాషా. నోరెథిస్టెరాన్ అంటే మన వాళ్ళకి డేట్ వాయిదా వేసే మాత్ర. తిరుపతి కొండకి టికెట్లు తీశాక, అన్నయ్య కూతురి పెళ్ళికి, వరలక్ష్మీ వ్రతానికి, మా షాపులో చీటీ లేకుండా అడిగే మాత్రల్లో అది మొదటిది. ఇంజెక్షన్‌తో నెలసరి ఎటూ ఆగిపోయింది కదా, మళ్ళీ ఈ వాయిదా మాత్ర ఎందుకని, ఇంటికెళ్ళి డబ్బాలో పడేస్తారు. ఇది నీ ఎముకల కోసం, ఆవిర్ల కోసం, రోజూ మానకుండా వేసుకోవాలని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

గడ్డలకి వాడేటప్పుడు విషయం కొంత తేలిక. హిమోగ్లోబిన్ 7కి పడిపోయిన మనిషికి మూడు నెలలు ఈ ఇంజెక్షన్ ఇచ్చి, బ్లీడింగ్ ఆపి, ఐరన్ ఎక్కించి, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ చేస్తే రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అలాంటి చోట ఇది బంగారం లాంటి వాడకం. కాకపోతే "గడ్డ కరిగిపోతుంది" అని మాత్రం చెప్పకండి. మూడోవంతో, సగమో తగ్గుతుంది, ఇంజెక్షన్ ఆపిన కొన్ని నెలలకి మళ్ళీ పెరుగుతుంది. కరిగిపోతుందని నమ్మి ఆపరేషన్ తేదీకి రాకుండా ఉండిపోయినవాళ్ళు, తరవాత స్కానింగ్ రిపోర్టు పట్టుకుని మోసపోయామంటూ తిరుగుతున్నారు.

పిల్లల కోసం తిరిగేవాళ్ళ సంగతి ఇంకా బాధ. ఎండోమెట్రియోసిస్ వల్ల అండాశయంలో వచ్చే చాక్లెట్ సిస్టులున్నాయని నెలల తరబడి ఈ ఇంజెక్షన్లు వేయించుకుని, "ఇవి అయ్యాక కడుపు పండుతుందన్నారు" అని ముప్ఫై ఆరేళ్ళామె చెబుతుంటే ఏం చెప్పాలో తోచదు. ఇంజెక్షన్ నడుస్తున్నంత కాలం మామూలుగా అండమే విడుదల కాదు. సంతానావకాశాలు పెంచడానికని అండాశయాలని ఆపే మందులు ఇవ్వొద్దని, ఐవీఎఫ్‌కి ముందు నెలల తరబడి ఇవ్వడం కూడా లాభం తేలనిదని అదే 2022 మార్గదర్శకాల్లో ఉంది. ఆమె వయసుకి ఆరు నెలలంటే చిన్న విషయం కాదు. నొప్పి తగ్గించడానికి ఇస్తున్నారా, పిల్లల కోసం ఇస్తున్నారా అన్నది ఆమెకి తెలిసి తీరాలి.

ఇంకొక్క మాట. ఇంజెక్షన్ మొదటి మెట్టు కాదు కదండీ. మామూలు హార్మోన్ మాత్రలున్నాయి, రోజుకి 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర ఉంది, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఇంజెక్షన్ కన్నా చాలా చవక, ఎక్కువ కాలం వాడొచ్చు. వీటిలో ఏదీ ప్రయత్నించకుండా మొదటి చీటీలోనే ఇంజెక్షన్ కనిపించినప్పుడు, పక్కన నిలబడ్డ కంపెనీ రెప్రజెంటేటివ్ మొహంలో వెలుగు నాకు కనిపిస్తుంది. ఇంతకు మించి దాని గురించి అనను.

ఇక గర్భసంచి ఆపరేషన్. మీ వృత్తికీ, మన రెండు రాష్ట్రాలకీ ఇది పాత మచ్చ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మనమే ముందు. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు అడ్డూ అదుపూ లేకుండా జరిగి, చివరికి ప్రభుత్వమే వాటిని సర్కారు దవాఖానాలకి పరిమితం చెయ్యాల్సి వచ్చింది. అనవసరపు ఆపరేషన్ల మీద 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమలు చెయ్యమని రాష్ట్రాలని ఆదేశించింది. ఆ మార్గదర్శకాల సారం, ముందు మందులూ ఇతర దారులూ చూడండి, ఆపరేషన్ ఆఖరున అని.

మందుల దారి ఉందనడం తేలికే. ఆ దారిలో నడిపించే మనిషి లేకపోతే దారి ఉండీ లేనట్టే. మా కౌంటరు దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు చెల్లదు. ప్రతి నెలా వేల రూపాయలు చేతినుంచి తీసి, ఆవిర్లు భరిస్తూ, ఇది ఎన్నాళ్ళో తెలియకుండా ఎవరు మాత్రం కొనసాగిస్తారు? "ఒక్కసారి తీసేస్తే పీడా పోతుంది" అన్న మాట అప్పుడు చాలా తియ్యగా వినిపిస్తుంది. ఇందులో నన్ను కుదురుగా ఉండనివ్వని విషయం ఒకటుంది. ఆరు నెలల పాటు ముట్లుడిగినట్టు ఉండటానికి భయపడి ఇంజెక్షన్ ఆపేసిన మనిషికి, ఆపరేషన్‌లో ఒక్కోసారి గర్భసంచితో పాటు అండాశయాలు రెండూ తీసేస్తారు. తిరిగిరాని ముట్లుడగడం, ముప్ఫై ఎనిమిదో ఏటే. ఇంజెక్షన్ వల్ల వచ్చిన ఆవిర్లు ఆపాక రెండు మూడు నెలల్లో పోయేవి. ఇవి పోవు. చీటీలో హార్మోన్ మాత్ర ఉండదు, మళ్ళీ కాల్షియమే. పైగా ఎండోమెట్రియోసిస్ పేగుల మీదో మూత్రాశయం వెనకో మిగిలిపోతే గర్భసంచి పోయినా నొప్పి పోదు.

మిమ్మల్ని అడుగుతున్నది పెద్ద పనేం కాదు. మీ సంఘాలు ఏటా సదస్సులు పెడతాయి, కొత్త మందుల మీద పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇప్పిస్తాయి. ఈసారి ఒక్క పూట కూర్చుని ఒక్క పేజీ తెలుగు కాగితం తయారు చెయ్యండి. పుస్తకాల తెలుగు వద్దు, మీరు పేషెంట్లతో మాట్లాడే తెలుగులోనే ఉండనివ్వండి. ఇది క్యాన్సర్‌కి కూడా వాడే మందు, నీకు క్యాన్సర్ లేదు. మొదటి రెండు వారాలు నొప్పో బ్లీడింగో పెరగొచ్చు, భయపడకు, మరీ ఎక్కువైతే ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. తరవాత నెలసరి ఆగిపోతుంది, ఆవిర్లొస్తాయి, నిద్ర తగ్గుతుంది, మనసు బాగుండదు, ఆపాక అన్నీ సర్దుకుంటాయి. ఈ మాత్ర నీ ఎముకల కోసం, మానకు. నెలసరి ఆగింది కదా అని జాగ్రత్తలు వదిలేయకు, గర్భం రాదని గ్యారంటీ లేదు, కండోమ్ వాడండి, గర్భమని అనుమానం వస్తే ఇంజెక్షన్ వేయించుకోకు. జబ్బు దీనితో పూర్తిగా పోదు, అణిగి ఉంటుంది, ఆ తరవాత ఏం చెయ్యాలో ఫలానా నెలలో మాట్లాడుకుందాం. ఇంతే.

చీటీ మీద మొత్తం ఎన్ని ఇంజెక్షన్లో, ఆఖరిది ఏ నెలలోనో రాయండి. ఇప్పుడు చాలా చీటీల్లో "నెలకి ఒకటి" అని మాత్రమే ఉంటోంది, ఎవరూ ఆపమని చెప్పక కొందరు అలా వేయించుకుంటూ పోతున్నారు. నలభై అయిదు దాటి బ్లీడింగ్‌తో వచ్చినామెకి కారణం తేలకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టకండి. ఇది మీకు చెప్పాల్సి రావడమే నాకు సిగ్గుగా ఉంది, అయినా కనిపిస్తోంది కాబట్టి చెబుతున్నా.

వేసేవాళ్ళ గురించి కూడా చూడండి. దూరం ఊళ్ళవాళ్ళు బాక్సు కొనుక్కెళ్ళి అక్కడే ఎవరిచేతో వేయించుకుంటారు. చల్లగా ఉంచాల్సిన రకాన్ని నేను థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాక్ పెట్టి ఇస్తాను, అది బస్సులో ఇంజన్ పక్క సీట్లో రెండు గంటలు ప్రయాణిస్తుంది. పొడిలో ద్రావణం కలిపి వెంటనే వెయ్యాలి, ఆలస్యమైతే అడుగున పేరుకుని సూదిలో అడ్డుపడుతుంది. సగం మందు సీసాలోనే ఉండిపోయిందని ఫోన్లు వచ్చాయి. సగం మందు పడ్డ నెలలో నెలసరి వచ్చేస్తుంది, మందు పని చెయ్యలేదన్న పేరు పడుతుంది. మీ ఆసుపత్రిలోనే, తెలిసిన నర్సు చేతుల మీద వేయించుకోమని చెప్పండి. ఆ రోజుకి కన్సల్టేషన్ ఫీజు తీసుకోకపోతే ఇంకా మంచిది.

ఆ తెలుగు కాగితం మీరు రాసివ్వండి, చాలు. అచ్చు ఖర్చు మా ఫార్మసిస్టులం చూసుకుంటాం, మా వీధిలో నలుగురైదుగురితో ఇప్పటికే మాట్లాడాను, సరేనన్నారు. కింద ఆసుపత్రి ఫోన్ నంబరు రాసుకోవడానికి ఖాళీ వదలండి. రిసెప్షన్ నంబరు కాకుండా, పదో రోజు రాత్రి కూడా ఎత్తే నంబరు అయితే బాగుంటుంది. బాక్సుకి రబ్బరు బ్యాండు వేసి, ఆ కాగితం దానికి చుట్టి, చదివి వినిపించి మరీ ఇస్తాం.

ఇట్లు,
మీ చీటీలు రోజూ చదివే
ఒక ఫార్మసిస్టు,
గుంటూరు